రొట్టె పళ్లెం

మా చర్చి సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, ఏసు శరీరమని తలా ఒక రొట్టె ముక్క తింటాం. రొట్టె ముక్కల పళ్లెం ఆడవాళ్ల వరసలో చేతులు మారుతూ వస్తుంది. క్షమాపణ పొందని పాపం ఉన్నవాళ్లు ముక్క తీసుకోకుండా పక్కవాళ్లకి అందించేయాలి. ఎవరు అందించేశారో అందరూ చూస్తారు. కళ్లు మూసుకుని కూడా చూస్తారు, ఆ విద్యలో మా చోడవరం వాళ్లు ఆరితేరారు.

నాన్న పోయాక అమ్మ పళ్లెం అందించేయడం మొదలుపెట్టింది.

చెరుకు క్రషింగ్ మొదలైన రోజుల్లో నాన్న పక్షవాతంతో మంచాన పడ్డాడు. సీజను అయిపోయినా లేవలేదు. ఎత్తడం, కడగడం, తినిపించడం అన్నీ అమ్మే. ఒక శుక్రవారం నన్ను ఆయన దగ్గర కూర్చోబెట్టి ఉపవాస ప్రార్థనకి వెళ్లింది. అక్కడ అందరూ ఒక్కసారే గొంతెత్తి ఎవరి మొర వాళ్లు పెట్టుకుంటారు. ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆ గోలలో అమ్మ, "ఈయన్నింక తీసుకుపో తండ్రీ" అని అడిగిందట. ఇంటికొచ్చేసరికి నాన్న లేడు. నా చేతిలో గంజి గిన్నె ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఉపవాసముండి అడిగింది దేవుడు తప్పక వింటాడని అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఏళ్ల తరబడి చెప్పారు. అమ్మ నమ్మింది. కాబట్టి నాన్నని చంపింది తనేనని కూడా నమ్మింది. ఆమెకి కావలసింది ఒకటే, ఒక మనిషి నోటితో క్షమించానని చెప్పడం.

నన్ను వెంటబెట్టుకుని అయ్యగారింటికి వెళ్లి అంతా చెప్పింది.

"క్షమించేనని ఒక్క మాట సెప్పండి బాబూ."

"క్షమించడానికి నేనెవుర్నమ్మా? ప్రభువుని అడుగు."

"అడిగేను. ఆయన పలకట్లేదు."

అయ్యగారు టీ ఇప్పించి, ప్రార్థన చేసి పంపారు. మంచి మనిషే. బల్లకి ఎవరు తగరో మైకులో చెప్పే అధికారం ఆయనకుంది గానీ, నువ్వు తగుదువు పో అనే అధికారం లేదట. నాకు ఒళ్లు మండింది. అదీ కాసేపే.

కేథలిక్కుల ఆర్‌సీఎం గుడిలో ఫాదరు గారికి ఆ అధికారం ఉందని ఎవరో చెబితే ఆటో ఎక్కాం. ఆయనా మెత్తగానే మాట్లాడారు. పాపసంకీర్తనం, అదే పాపాల ఒప్పుకోలు, విని క్షమాపణ పలకడం తమ గుడిలో చేరినవాళ్లకేనని, కావాలంటే దీవిస్తానని అన్నారు. అమ్మ తల వంచింది. గేటు దాటాక, "దీవెనలకేటి, మనకి సాలా ఉన్నాయి" అంది.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని ముట్టకుండా కూర్చుంది.

"ఒసే, నువ్వు ఆయన బిడ్డవి గదా. ఆయన తరపున నువ్వు సెప్పు."

"నాకేటి అధికారం ఉందమ్మా?"

"అదికారం ఉన్నోల్లెవులూ సెప్పట్లేదు గదే. నువ్వు సెప్పు."

"క్షమించేను" అన్నాను. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పాను. నాలో కోపం లేదు, జాలి లేదు, క్షమించడమూ లేదు. అమ్మ మాత్రం పప్పు కలుపుకుని తినేసింది. మజ్జిగ కూడా అడిగింది.

తర్వాతి నెల బల్ల రోజున పళ్లెం మా వరసలోకి వచ్చింది. అమ్మ ముసుగు సర్దుకుని ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. తేటపడ్డ ముఖంతో పళ్లెం నా చేతికిచ్చింది. నాలో లేని మాట చెప్పి ఆమెని ఇక్కడిదాకా తెచ్చాను. ఆ ముక్క తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. పళ్లెం పక్కావిడకి అందించేశాను.

అమ్మ నా వైపు తిరిగి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"ఒసే, నువ్వేటి సేసేవే?"