మా గద్దె మీద సుగుణ

ఎదురింటి డాబా మీద కొత్తగా కిరాయికి దిగినవాళ్లు ఇవాళ నేత చీరలకు గంజి పెట్టి ఆరేశారు. ఆ తడి వాసన మా వరండాలోకి వచ్చేసరికి రాస్తున్న డైరీ మూసి ఊరికే కూర్చున్నాను. సుగుణ ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మా వీధి అంతా ఆ వాసనే ఉండేది. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల చీరలకు గంజి పెట్టి, ఫాల్స్ కుట్టి ఇచ్చేది. భర్త రాజేశం బొంబాయి దగ్గరి భివండిలో మరమగ్గాల మీద పని చేస్తూ పండుగలకు మాత్రం వచ్చేవాడు.

పిల్లలు కలగక, వాళ్లు శిశుగృహం నుంచి అయిదేళ్ల రమ్యను దత్తత తెచ్చుకున్నారు. అంతకుముందు ఆ పాప ఎన్ని చేతులు మారిందో, ఏ ఇంట్లో ఎన్ని దెబ్బలు తిన్నదో ఎవరూ పూర్తిగా చెప్పలేకపోయారు. వీధిలో అందరికీ రమ్య ముద్దొచ్చేది. ఎవరు పిలిచినా వెళ్లేది. కూరగాయల బండి మనిషి వేలు పట్టుకుని కూడా నడిచేది. సుగుణ దగ్గర మాత్రం వేరు. జడ వేస్తే పీకేసుకునేది, పెట్టిన కంచం తోసేసేది, దగ్గరికి తీసుకోబోతే కొరికేది. అమ్మ అని పిలిచేది కాదు, ఓయ్ అనేది. మా ఆవిడ లక్ష్మి కూడా ఒకరోజు సుగుణనే అడిగింది. "మాతోని ఎంత మంచిగుంటది పిల్ల. నీ దగ్గరనే ఎందుకట్ల జేస్తది? ఏమన్న అంటున్నవా?" సుగుణ పిండిన చీరనే మళ్లీ పిండింది.

పసిపిల్లలను చూస్తే మనవాళ్లు ఒక మాట అంటారు, "మా ఇంటికొస్తవా, నిన్ను సాదుకుంట" అని. పిల్లలు తల్లి కొంగు పట్టుకుంటారు, పెద్దలు నవ్వుతారు, అంతటితో సరి. ఒక ఆదివారం లక్ష్మి రమ్యతో ఆ మాటే అన్నది. రమ్య లోపలికి వెళ్లి, రెండు గౌన్లు బడిసంచిలో పెట్టుకుని వచ్చి మా గేటు దగ్గర నిలబడింది.

"నేను నవ్వులాటకన్న బిడ్డా" అన్నది లక్ష్మి.

"నేను నవ్వులాటకు రాలే" అన్నది రమ్య.

వెనకాలే వచ్చిన సుగుణ గేటు పట్టుకుని నిలబడింది. కళ్ల కింద నల్లగా ఉంది. "ఉండనియ్యి అక్కా, ఇయ్యాల. నేను జర పండుకుంట."

ఆ రోజంతా రమ్య మా ఇంట్లో బంగారంలా ఉన్నది. కంచాలు పెట్టింది, లక్ష్మి కాళ్లు ఒత్తింది. సాయంత్రం సుగుణ వచ్చి పిలిస్తే మాత్రం, "రాను, గీడనే మంచిగుంది" అన్నది. సుగుణ లాగలేదు, బతిమాలలేదు. "సరే, నేనీడ గూసుంట. నీకు రాబుద్ధైనప్పుడే పోదం" అని మా గేటు పక్క సిమెంటు గద్దె మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న చీరకు ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది. రమ్య కిటికీలోంచి మాటిమాటికీ చూసింది. చివరికి విసురుగా బయటికి వచ్చి, ఆమె ఒళ్లోని చీరను లాగి మట్టిలో పడేసింది. సుగుణ దాన్ని దులిపి మడతపెట్టింది. "ఇగ పోదమా?" అన్నది. రమ్య చెప్పులు కూడా వేసుకోకుండా ముందు నడిచింది. ఆ తరువాత చాలా ఇళ్ల ముందు సుగుణ అలాగే కూర్చోవలసి వచ్చింది.

ఒక వానాకాలం సుగుణ మా వరండాలోకి వచ్చింది. ముంజేతి మీద పంటిగాట్లకు పసుపు రాసుకుని ఉంది. "సార్, ఆఫీసుల సంగతి మీకెరుకే గద. బిడ్డను వాపస్ ఇయ్యాల్నంటే ఎవలికి చెప్పాలె? ఆయన ఫోన్ల రోజు గదే అంటుండు." అడిగినదానికి జవాబు చెప్పడం నాకు ఉద్యోగంలో అలవాటైన పద్ధతి. ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని కలవాలో చెప్పాను. ఆమె అంతా విన్నది.

"ఆల్లు మల్ల ఎవలికిస్తరు సార్?"

"ఇంకో ఇంటికి."

"ఆడ గూడ కొరుకుతది. ఆల్లు గూడ వాపస్ ఇస్తరు." చేతి మీది గాట్లు చూసుకున్నది. "గప్పుడు ఇగ ఎవల్నీ కొరకదు. అందరితోని నవ్వుకుంట తిరుగుతది, ఎవలున్నా పోయినా దానికి ఒక్కటే అయితది. ఇప్పుడు నన్నొక్కదాన్నే, ఉంటనా పోతనా అని సూస్తుంది సార్."

లేచి కొంగు తల మీద కప్పుకుని వానలోనే వెళ్లిపోయింది. మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

అలాగని పరిస్థితి తేలికపడలేదు. బడి నుంచి ఫిర్యాదులు, పగిలిన గిన్నెలు, రాజేశంతో గొడవలు ఏళ్ల తరబడి నడిచాయి. ఒకసారి నంగునూరులో పెళ్లికి అందరం ఒకే బస్సులో వెళ్లాం. నిలబడటానికి కూడా జాగ లేదు. సీట్లో ఉన్న ఒకావిడ, "దా బిడ్డా, నా పక్కన గూసో" అని జరిగింది. రమ్య తల అడ్డంగా ఊపి, సుగుణ చేతిసంచి పట్టీ పట్టుకుని నిలబడింది. సుగుణ పట్టీని ఇంకొంచెం కిందికి వదిలింది. "జర జరుగు, కాలు తొక్కుతున్నవ్."

"నువ్వే జరుగు" అన్నది రమ్య. నంగునూరు దాకా ఇద్దరిలో ఒక్కరూ జరగలేదు.

తరువాత వాళ్లు భివండికి మకాం మార్చారు. ఆ మరుసటి ఏడు లక్ష్మికి పక్షవాతం వచ్చింది. చూడవచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడుతుంది. వాళ్లు గేటు దాటగానే నేను కలిపిన అన్నం తోసేస్తుంది. "అమ్మ ఎంత మంచిగున్నది, మీరే జర ఓపిక పట్టాలె" అని నాకు చెప్పి వెళ్తారు. నేను అలసిపోయాను. సుగుణ ఎంత అలసిపోయి ఉంటుందో ఇప్పుడు తెలుస్తున్నది. లక్ష్మి అందరినీ వదిలి నన్నే ఎందుకు విసుక్కుంటున్నదో కూడా సుగుణ వల్లే తెలుస్తున్నది.

ఇవాళ మధ్యాహ్నం లక్ష్మి మందుల గ్లాసు నెట్టేసింది. నేల తుడిచి, మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను. చాలాసేపు గోడవైపే తిరిగి ఉండి, ముద్దముద్దగా అడిగింది. "ఇంకెంతసేపు గూసుంటరు?"

"నాకేం పనున్నది?" అన్నాను.

"అయితే గా ఫ్యాను బందు జెయ్యిండ్రి. సలివెడుతుంది."

లేచి ఫ్యాను ఆపి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.