తేరని అల్లం బీరు

నా చిన్నప్పుడు, మా ఇంటికి మొదటి సెల్‌ఫోన్ వచ్చిన ఏడాది, మా తాతయ్య కళ్ళకు శుక్లాలు కమ్మాయి. మేమప్పుడు సారపాకలో ఉండేవాళ్ళం. ఆయన కాగితం మిల్లు గెస్ట్‌హౌస్‌లో వంట చేసి రిటైరయ్యారు. ప్రతి క్రిస్మస్‌కూ ఇంట్లో అల్లం బీరు చేసేవారు. అల్లం, చక్కెర, నిమ్మరసం, బేకరీ ఈస్టు కలిపి పెద్ద గాజు జాడీలో పులియబెట్టేవారు. ఆయనతో పనిచేసిన ముసలివాళ్ళు నలుగురు పండుగ పూట దానికోసమే వచ్చేవారు. మిగతా ఏడాదంతా ఎవరి మోకాళ్ళ నొప్పులు వాళ్ళవి.

పులిసిన బీరు మొదట బియ్యం కడిగిన నీళ్ళలా మసకగా ఉంటుంది. దాన్ని తేటగా చేయడంలోనే తాతయ్య పనితనమంతా ఉండేది. జెల్లీ మిఠాయిల్లో వేసే జెలటిన్ పొడిని గెస్ట్‌హౌస్ కొత్త వంటమనిషి పొట్లం కట్టి పంపేవాడు. చెంచాడు పొడిని చన్నీళ్ళలో నానబెట్టి, ఉబ్బాక మరగనివ్వకుండా వేడిచేసి కరిగించి, జాడీలో పోసి మెల్లగా కలిపేవారు. అప్పుడు జాడీని పక్కింటి అక్క వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ చల్లదనంలో జెలటిన్ మడ్డిని పట్టుకుని అడుక్కి దిగుతుంది. రెండు మూడు రోజులు ఎవరూ కదపకూడదు. తరువాత పైనున్న తేటను సన్న గొట్టంతో సీసాల్లోకి దించుకోవాలి.

తేరిందో లేదో తెలియడానికి తాతయ్య జాడీ వెనక ఒక పేపరు ముక్క అంటించేవారు. ఇటునుంచి ఆ అక్షరాలు చదవగలిగితే తేరినట్టు. ఆ ఏడాది ఆయనకు జాడీయే సరిగా కనిపించలేదు. చదివే పని నాకిచ్చారు. నాకు పదకొండేళ్ళు.

రెండు సాయంత్రాలు ఉన్నదున్నట్టే చెప్పాను. ఇంకా మసకగానే ఉందన్నాను. ఆయన సరేనని గోడ పట్టుకుని ఇంటికి నడిచేవారు. మూడోరోజు పండుగ ముందురోజు. చర్చిలో మా నాటకం రిహార్సల్ ఉంది, స్నేహితురాళ్ళు గేటు దగ్గర పిలుస్తున్నారు. అక్షరాలు ఇంకా అలుక్కుపోయే ఉన్నాయి. తేరలేదంటే పొద్దున్నే మళ్ళీ రావాలి. అంటించేముందు చదివిన ఆ ముక్క, రెండు రోజులుగా కళ్ళు చికిలించి పోల్చుకుని చూసీ చూసీ నాకు కంఠతా వచ్చేసింది. ఏదో ఊళ్ళో బోరుబావి గురించిన వార్త అది. మొదటినుంచి చివరిదాకా గడగడా చెప్పేశాను. తాతయ్య జాడీని ఒకసారి చేత్తో తడిమారు. తరువాత గొట్టం తెమ్మన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ముసలివాళ్ళు వచ్చారు. తాతయ్య తెల్ల చొక్కా వేసుకుని చేత్తో తడుముకుంటూ గ్లాసులు నింపారు. బీరు మడ్డిమడ్డిగా దిగింది. ఎవరూ గ్లాసు ఎత్తలేదు. మిల్లులో ఫిట్టరుగా చేసిన తాత ఒకాయన నెమ్మదిగా అడిగాడు.

"ఏంది అన్నా, ఈసారి గిట్లయింది?"

"నా కండ్లు పోయినయి గదా. ఆగలేక నేనే జల్దీ దించిన" అన్నారు తాతయ్య.

నేను మురుకుల పళ్ళెంతో అక్కడే ఉన్నాను. ఆయన నావైపు తిరగనైనా లేదు. ముసలివాళ్ళు మర్యాదకు ఒక్కో గుక్క తాగి, కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు.

గ్లాసులు కడుగుతూ ఏడ్చాను. చివరికి వెళ్ళి చెప్పేశాను. తాతయ్య మంచం మీద పడుకుని ఉన్నారు. బాగా అలసిపోయినట్టున్నారు. కోపం లేదు.

"నాకు నిన్ననే ఎరుకయింది బిడ్డా. చూసి చదివేటోళ్ళు ఒక్క కాడన్న ఆగుతరు. నువ్వు ఆగలే."

"మరి తెలిసి ఎందుకు దించినవ్ తాతయ్యా?"

"ఇగ నా కండ్లు నువ్వే గదా. నమ్మకుంటె ఎట్ల నడుస్తది?" అని దుప్పటి పైకి లాక్కుంటూ, "తేరలేదంటే వాళ్ళకు చాయ్ పోస్తుంటి. గంతే గదా" అన్నారు.

ఆ తరువాత ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. వేసవిలో ఆపరేషన్ చేయించాము. ఒక కన్నే కొంత తేరుకుంది. ఆయన మళ్ళీ అల్లం బీరు చేయలేదు, నేనూ అడగలేకపోయాను. ఆ తరువాత ఆయన బతికిన మూడేళ్ళూ మందుల చీటీలు, ఉత్తరాలు అన్నీ నాతోనే చదివించుకున్నారు. అర్థంకాని మాట వస్తే ఆగి, ఇది తెలియడంలేదని చెప్పేదాన్ని. ఆయన తల ఊపేవారు.

ఇప్పుడు నేను ఖమ్మంలో ఒక దవాఖానా ల్యాబులో పనిచేస్తున్నాను. వానాకాలం జ్వరాలప్పుడు అడవి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు వరండా నిండా కూర్చుని ఉంటారు. రెండు డ్యూటీలు కలిసిన రోజున నడుము నిలవదు, మైక్రోస్కోపులో రక్తపు చుక్కలన్నీ ఒకేలా కనిపిస్తాయి. మలేరియా లేదని రాసి పంపితే అడిగేవాళ్ళుండరు. డాక్టరు మనిషిని పంపి రిపోర్టు ఏదని అడిగిస్తాడు. ఇంకా తేలలేదు అంటాను. ఆ ఒక్క మాట అనడానికి ఇన్నేళ్ళయినా నాకు మిగిలిన ఓపికంతా కావాలి. అవతలివాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనిచ్చి, కళ్ళు కడుక్కొని వచ్చి మళ్ళీ మొదటినుంచి చూస్తాను.