ఊగినా ఒరగని పడవ కోసం కరకట్ట మీద ఒక రోజు

పోయిన వానాకాలంలో మా ఆయన కృష్ణలో పడ్డారు. ఈతొచ్చు కాబట్టి, ఒడ్డు దగ్గరే కాబట్టి బతికి బయటపడ్డారు. పడటానికి కారణం వరదా కాదు, సుడిగుండమూ కాదు. మా వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ. మోకాళ్లు వంగడం లేదని స్నేహితుడి సన్నపాటి పడవలో ఆ కుర్చీ వేసుకుని, దాని మీద దర్జాగా కూర్చుని గాలం వేశారట. ఈయన మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, లారీ మీద ఎంత ఎత్తు పేర్చినా తాడు బిగించి కడితే కదలవన్నది ఆయన అనుభవం. పడవకీ అదే సూత్రం పెట్టి కుర్చీని తాడుతో గట్టిగా కట్టేశారు. చేప లాగింది, ఈయన ఒక పక్కకి వంగారు, కుర్చీ మాత్రం ఊడలేదు. అందుకని కుర్చీతో పాటు పడవ కూడా తిరగబడింది. "కట్టు బాగానే కట్టాను కదా" అని ఆస్పత్రిలో సెలైన్ ఎక్కుతుండగా కూడా నాతో వాదించారు.

ఆ తర్వాత ఆయన ఏటి వైపు వెళ్లలేదు. అడిగితే ఎండ అన్నారు, చేపలు పడటం లేదట అన్నారు, మోకాలు సలుపుతోందన్నారు. గాలాలు అటక ఎక్కాయి. ఆయన మాత్రం వంటింట్లోకి దిగి, నేను పోపు వేస్తుంటే పక్కన నిలబడి ఆవాలు ఎక్కువయ్యాయని చెప్పడం మొదలుపెట్టారు. చేపల పిచ్చి మానమని ఇన్నేళ్లూ పోరింది నేనే. తీరా మానేసి గుంటూరు బ్రాడీపేటలో మా రెండు గదుల మధ్య తిరుగుతుంటే చూడలేకపోయిందీ నేనే. భయపడ్డారని నాకు తెలుసు, ఆ మాట ఆయన నోటి వెంట రాదనీ తెలుసు. ఒకరోజు పక్కింటాయనతో "గాలాలు మీ మేనల్లుడికి ఇచ్చేస్తాలెండి" అంటుంటే విన్నాను. ఒక్కరోజు నాతో రండి, ఒరగని పడవ కోసం వెతుకుదాం, దొరక్కపోతే మీ ఇష్టం, గాలాలు ఎవరికైనా ఇచ్చేయండి అన్నాను. సరేనన్నారు. దొరకదనే ధైర్యంతోనే ఒప్పుకున్నారని నా అనుమానం.

ఫిబ్రవరిలో, కళ్లాల్లో మిరపకాయలు ఆరే రోజుల్లో, పొద్దున ఏడింటికి బయల్దేరాం. బ్రాడీపేట నుంచి బస్టాండుకి షేర్ ఆటోలో మనిషికి ఇరవై రూపాయలు. అక్కడ విజయవాడ బస్సెక్కి తాడేపల్లిలో దిగితే ట్రాఫిక్‌ని బట్టి గంట ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి డబ్బులు ఆయన ఒక్కరికే పడ్డాయి. "పడవ నాకు, ఫ్రీ టికెట్ నీకు. బాగుంది బేరం" అని మంగళగిరి దాకా సణిగారు. ఒళ్లో సంచి, సంచిలో ముందురోజు కొన్న రెండు లైఫ్ జాకెట్లు. నాకు ఈత రాదు. ఆయనకు వచ్చినా ఇప్పుడు దాని మీద నమ్మకం పోయింది. పడవ చూడటానికి వెళ్లేవాళ్లెవరైనా ముందు ఇవి కొనుక్కోవాలి.

తాడేపల్లి శివార్లలో ఫైబర్ పడవలు అమ్మే షెడ్డు ఒకటుందని ఎవరో చెబితే ముందు అక్కడికి వెళ్లాం. నీలం రంగులో నిగనిగలాడుతున్న పడవ చూపించారు. అంచులు ఎత్తుగా ఉన్నాయి, లోపల లోతుగా ఉంది. మా ఆయన చుట్టూ తిరిగి, రంగు మీద చెయ్యి నిమిరి, "ఎన్ని టిక్కీలు పడతాయండీ?" అని అడిగారు. షెడ్డు అతనికి అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ ఎత్తు అంచులు నచ్చలేదు. ఒక పక్క చెయ్యి ఆనించి నొక్కితే నేల మీదే అటూ ఇటూ దొర్లింది. అడుగు కొబ్బరి చిప్పలా గుండ్రంగా ఉంది మరి.

"ఒకసారి నీళ్లలో దించి చూపిస్తారా?" అన్నాను.

"నీళ్లలో దిగితే సెకండ్ హ్యాండ్ అయిపోద్ది మేడం. బయానా ఇచ్చేయండి, అప్పుడు దించుతాం" అన్నాడతను.

మా ఆయన జేబులో చెయ్యి పెట్టబోతుంటే నాకు ఒళ్లు మండింది. "ఏవండీ, టిక్కీ కోసి మధ్యలోంచి కాయ తీసి చూడకుండా మీ కొట్టులో ఎప్పుడైనా ధర కట్టారా?" అన్నాను. యార్డులో పైకాయ చూసి ఎవరూ కొనరు. పైన ఎర్రగా మెరిసే కాయ పెట్టి మధ్యలో తాలుకాయ దూర్చేవాళ్లుంటారని బస్తా కోసి మరీ చూస్తారు. ఆ పని రోజూ చూసిన మనిషి ఇక్కడ రంగు చూసి పడిపోయారు. ఒక్క క్షణం నా వంక చూసి, జేబులోంచి చెయ్యి తీసేసి "పద" అన్నారు.

రోడ్డు మీద మస్తాన్‌వలి అనే అతని ఆటో దొరికింది. కరకట్ట మీదుగా తుళ్లూరు దాకా, అడిగిన చోటల్లా ఆపుతూ, పన్నెండు వందలకి మాట్లాడుకున్నాం. ఉండవల్లి దాటగానే ఒక పక్క అరటి తోటలు, ఒక పక్క నిండుగా ఏరు. బ్యారేజీకి ఎగువన కదా, నీళ్లు నిలబడి ప్రశాంతంగా ఉంటాయి. మస్తాన్‌వలి అద్దంలోంచి చూస్తూ, "పడవ ఎవరికి పిన్నిగారూ, బాబాయిగారికేనా? ఈతొచ్చా?" అని అడిగాడు.

"ఈత వచ్చు, కూర్చోవడమే రాదు" అన్నాను.

మస్తాన్‌వలి పడీపడీ నవ్వాడు. మా ఆయన ఏటి వైపు కాకుండా అరటి తోటల వైపు చూస్తూ కూర్చున్నారు. నది కనిపించినంతసేపూ అలాగే కూర్చున్నారు. అది చూశాక నేను కూడా వేళాకోళం ఆపేశాను.

కట్ట దిగువన పడవలు కట్టి ఉన్న ఒక రేవు దగ్గర మస్తాన్‌వలి ఆపాడు. అతనికి తెలిసిన నాంచారమ్మ అనే ఆవిడ అక్కడ వల చిక్కులు తీస్తోంది. భర్త వేటకి పోతే అమ్మకాలు, బేరాలు అన్నీ ఆవిడే చూస్తుంది. మమ్మల్ని తీసుకెళ్లి, కొత్తగా తారు పూసిన సన్నటి నాటు పడవ చూపించింది. "దీన్ని చూడండమ్మా, ఒక్క తెడ్డేస్తే బాణంలా పోద్ది. ఈ రేవు మొత్తానికి ఇంత స్పీడు పడవ లేదు" అంది గర్వంగా.

ఆ పడవ సన్నదనం చూసి మా ఆయన మొహం పాలిపోయింది. చెక్క అంత మంచిది కాదేమో అన్నారు, మేకులు తుప్పు పడతాయేమో అన్నారు. చివరికి నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఎండెక్కింది, ఇంటికి పోదాం పద. గాలాలు ఆ కుర్రాడికి ఇచ్చేద్దాంలే" అన్నారు. ఆ గొంతులో చిరాకు లేదు, అలసట ఉంది. ఇక చేసేదేమీ లేదనిపించి నేనూ సంచి భుజాన వేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే లంకలోంచి ఒక పడవ వచ్చింది. ఏటి మధ్య మెరకలో వంకాయ కోతకి తెల్లారకముందే వెళ్లిన ఆడవాళ్లు అందులో ఉన్నారు. ఒడ్డు తగలగానే అందరూ ఒకేసారి లేచి, ఒకే పక్కకి వచ్చి, చీరలు ఎత్తి పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ గోలగోలగా దిగారు. ఇద్దరైతే ఆ అంచు మీదే కూర్చుని చెప్పులు వెతుక్కుంటూ ఎవర్నో తిడుతున్నారు. పడవ ఆ పక్కకి కాస్త వంగి, అక్కడే ఆగింది. ఇంకొంచెం కూడా వంగలేదు. నేను మా ఆయన మోచెయ్యి పట్టుకుని, "అది చూడండి" అన్నాను.

"అదా!" అంది నాంచారమ్మ తేలిగ్గా. "అదీ మాదే, కానీ చేపల పడవ కాదమ్మా, మనుషుల్ని దాటించేది. గేదె నడిచినట్టు నడుస్తది. వలేసేవాళ్లెవరూ దాన్ని కొనరు."

"మాకు పరిగెత్తక్కర్లేదు, తిరగబడకుండా ఉంటే చాలు" అన్నాను.

ఆవిడ మా ఆయన వంక, ఆయన మోకాళ్ల వంక చూసి, "అయితే ఇదే తీసుకోండి. కూలీలు ఎక్కువయ్యారని పెద్దది చేయిస్తన్నాం, ఇది ఎటూ ఇచ్చేసేదే" అంది.

దగ్గరికెళ్లి చూస్తే ఎందుకు ఒరగదో అర్థమైంది. అడుగు పీటలా చదునుగా ఉంది. వెడల్పు మా ఇంట్లో మంచమంత ఉంటుంది. అంచులు తక్కువ ఎత్తులో, బయటికి విచ్చుకుని ఉన్నాయి. కూర్చోవడానికి అడ్డంగా బిగించిన బల్ల మోకాలికన్నా కిందే ఉంది. దాని వెనక వీపు ఆనించుకోవడానికి ఒక చెక్క కొట్టించుకుంటే చాలు, కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. బరువు ఎంత కిందుంటే పడవ అంత నిలకడగా ఉంటుంది. సన్నటి పడవ బాగా ఈత వచ్చి, రోజూ నీళ్లలో ఉండేవాళ్లకి. అప్పుడప్పుడూ గాలం వేసుకునే మనలాంటి వాళ్లకి ఇలాంటిదే సరి.

కానీ ఆయన ఎక్కలేదు. తారు చూశారు, అతుకులు చూశారు, గడ కర్ర పొడవు చూశారు. నాకు అర్థమై, జాకెట్ వేసుకుని, కొంగు దోపుకుని నేనే ముందు ఎక్కాను. భయం వేయలేదని అబద్ధం చెప్పను. లేచి నిలబడ్డాను. అంచు దాకా నడిచాను. నన్నెవరూ సన్నగా ఉన్నానని అనరు, అయినా ఆ అంచు మీద కూర్చున్నాను. పడవ వంగింది, ఆగింది. "రండి" అని చెయ్యి చాపాను. ఆయనా జాకెట్ వేసుకుని, మస్తాన్‌వలి భుజం పట్టుకుని ఎక్కి, బల్ల మీద కూర్చుని, రెండు చేతులతో రెండు పక్కలా చెక్కని బిగించి పట్టుకున్నారు. వేళ్లు తెల్లబడ్డాయి.

నాంచారమ్మ కూడా ఎక్కి, గడతో నెట్టి నడుంలోతు నీళ్లలోకి తీసుకెళ్లింది. "ఊపుతున్నా బాబుగారూ, జాగ్రత్త" అని చెప్పి, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి పడవని అటూ ఇటూ ఊపింది. మా ఆయన కేక పెట్టారు. నేను దేవుళ్లందరికీ మొక్కేశాను. పడవ రెండుసార్లు ఊగి, తనంతట తనే సర్దుకుని నిలబడింది. మా ఆయన కిందికి, నీళ్లలోకి చూశారు.

"ఇంకోసారి ఊపమ్మా" అన్నారు.

ఊపింది. ఈసారి కేక లేదు. మూడోసారి ఆయనే, కూర్చున్నచోటే, ఒళ్లంతా కదిలించి ఊపారు. తర్వాత ఒక చెయ్యి వదిలారు. కొంతసేపటికి రెండోదీ వదిలారు. "ఆ రోజు నీళ్లలో కళ్లు తెరిస్తే ఏమీ కనపడలా. పైన ఎటో, కింద ఎటో తెలియలా" అన్నారు నా వైపు చూడకుండా. ఇన్ని నెలల్లో ఆ మాట చెప్పడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. నాంచారమ్మ అటు తిరిగి, అవసరం లేకపోయినా గడ వేస్తూ ఏటినే చూస్తోంది.

పాత నాటు పడవలు స్థితిని బట్టి పదిహేను, ఇరవై వేల మధ్య దొరుకుతాయి. మాకు ఆ రెంటికీ మధ్యలో కుదిరింది. పడవ ఆ రేవులోనే ఉంటుంది, ఆ ఊళ్లోనే ఉండే మస్తాన్‌వలి చుట్టాలు ఒక కన్నేసి ఉంచుతారు. ఊరి మత్స్యకారుల సంఘం పెద్దని కలిసి, అమ్మకానికి కాదు, సరదాకి గాలం వేసుకుంటామని చెప్పాం. కొత్తచోట ఈ మాట ముందే అడగడం మర్యాద.

భోజనానికి తుళ్లూరు చేరేసరికి రెండు దాటింది. మెస్సులో వడ్డించే ఆవిడ గోంగూర వేస్తూ, "ప్లాట్ చూసుకోవడానికి వచ్చారా అండీ?" అని అడిగింది. ఆ చుట్టుపక్కల ఎవరు దిగినా స్థలం కోసమే అనుకుంటారు.

"పడవ కొన్నామండీ" అన్నారు మా ఆయన, నేను నోరు తెరిచేలోపే.

"పడవా? గజం ఎంత?" అని ఆవిడ నవ్వింది. ఆయన కూడా నవ్వి, రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. పప్పులో పోపు ఎలా ఉందో మాత్రం చెప్పలేదు. ఇద్దరికీ కలిపి మూడు వందలైంది. మధ్యాహ్నం దాటాక వెళితే చేపల కూర అయిపోతుందట, తినాలనుకునేవాళ్లు ఒంటిగంటలోపు వెళ్లండి. అక్కడి నుంచి బస్సులో గుంటూరు వచ్చేశాం. దారి పొడవునా పత్తి తీసేసిన చేలు, కళ్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు. ఆ ఘాటుకి బస్సంతా దగ్గుతున్నా, ఆయన మాత్రం జెల్ల చేప ఎక్కడ పడుతుందో, బొచ్చె ఎక్కడ పడుతుందో నాకు చెబుతూనే ఉన్నారు. నాకొక్క ముక్క అర్థం కాలేదు, ఆపమని కూడా అనలేదు.

మీరూ ఇలాంటి పడవ కోసం బయల్దేరుతుంటే నేను చెప్పేది ఒక్కటే. ఒడ్డున చూసి బయానా ఇవ్వకండి. లోతులేని నీళ్లలోకి దింపించి, దాన్ని వాడబోయే మనిషినే కూర్చోబెట్టి, ఆ మనిషి రెండు చేతులూ వదిలేదాకా ఊపించండి. వదల్లేదంటే ఆ పడవ మీది కాదు, ఎంత తక్కువకి వచ్చినా వదిలేయండి.

వేగంగా పోయేదే మంచి పడవ అని ఆ రేవులో అందరూ నమ్ముతారు, వాళ్ల పనికి అదే నిజం. మాకు కావలసింది మాత్రం, తప్పు చేసినా ఒకసారి క్షమించే పడవ. ఆ పొద్దున నేను వెతికింది అదేనని నాకు కూడా అందులో కూర్చున్నాకే తెలిసింది. మొన్న ఆదివారం ఆయన చీకటితోనే లేచి, చప్పుడు చేయకుండా ఒక్కరే బయల్దేరారు. జాకెట్ తీసుకున్నారా అని మంచం మీంచే అడిగాను. వేసుకున్నాను, ఇంట్లోంచే వేసుకున్నాను అన్నారు. లేచి తలుపేసుకుని మళ్లీ పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.