చాయ్ గ్లాసు చాటు మాట

నాలుగేళ్లుగా నా నటనను ఎవరైనా మెచ్చుకుంటే అక్కడి నుంచి తప్పుకుంటున్నాను. ఎందుకో ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు కదా, అదొక ధైర్యం.

సూరత్‌లో మాది గోడాదరా బస్తీ. ఇంట్లో నేనూ, మా నాన్నకు అన్న అయిన పెద్దబాపూ, ఇద్దరమే. ఆయన నలభై ఏళ్లు మరమగ్గాలు నడిపాడు. మేం సాంచాలంటాం. ఆ మోతకు చెవులు పోయాయి. అయినా ఆయనతో మాట్లాడటం ఎవరికీ కష్టం కాలేదు. సాంచాల మధ్య పనిచేసేవాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసే మాట్లాడుకుంటారు. పెద్దబాపు అయితే తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ పెదవుల మీదే పట్టేసేవాడు. గొంతు బయటికి రాకుండా తిట్టినా నవ్వుతూ తిరిగి తిట్టేవాడు.

నాలుగేళ్ల కిందట మా నాటక బృందం ఒక పాత రష్యన్ నాటకాన్ని హిందీలో వేస్తోంది. నాది చెవుడొచ్చిన ముసలి నౌకరు వేషం. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ? ఆఁ?" అంటుంటే దర్శకుడు విసుక్కున్నాడు. చెవిటివాడు వినపడనట్టు ఉండడు, వినపడినట్టు కనిపించడానికి తంటాలు పడతాడు, అది పట్టుకో అన్నాడు. ఎక్కడ పట్టుకోను? ఇంట్లోనే ఉంది కదా అనిపించింది. ఛీ, ఎంత తేలిగ్గా అనిపించిందో!

రోజూ సాయంత్రం పెద్దబాపు పని నుంచి రాగానే ఇద్దరం చాయ్ తాగేవాళ్లం. నేను తాగుతున్నట్టే గ్లాసు పెదవులకు సగం అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. ఆయన కళ్లు నా ముఖమంతా వెతికేవి. తర్వాత ఒక చిన్న నవ్వు, తల ఊపడం. నాకు కావాల్సింది ఆ నవ్వే. లోపలికెళ్లి అద్దం ముందు అదే నవ్వు నవ్వి చూసుకునేవాణ్ని. మూడు వారాలు. ఒక్కసారైనా గ్లాసు దించి ఉండొచ్చు కదా? దించలేదు.

ఒకరోజు ఆయన పనికి వెళ్లలేదు. పెదవుల మీది మాట అందడం లేదని, సాంచా దగ్గర పక్కవాడి హెచ్చరిక తెలియకపోతే చెయ్యి పోతుందని, సేఠ్‌కు చెప్పి మానేశాడట. అక్కడివాళ్ల మాటలు ఆయనకు అందుతూనే ఉండి ఉంటాయి. పోయింది తన మీద నమ్మకం. నిజం చెబుదామని నోరు తెరిచాను. నాటకం అయ్యాక చెప్పొచ్చులే అనుకుని మూసుకున్నాను.

ప్రదర్శనకు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చప్పట్లు మోగిపోయాయి. బయట నా భుజం తట్టాడు.

"మంచిగ చేసినవ్ కొడుకా. గా ముసలాయన్ను చూస్తే జర పానం కలుక్కుమన్నది."

"ఎందుకు పెద్దబాపూ?"

"ఎవ్వలూ ఆయన దిక్కు మల్లి మాట్లాడరేంది?"

అప్పుడైనా చెప్పానా? లేదు. ఎవరో పూలగుత్తి ఇస్తుంటే అందుకోవడానికి వెళ్లిపోయాను.

తర్వాత కళ్ల డాక్టరుకు చూపిస్తే చూపు బాగానే ఉందన్నాడు. అయితే చెడింది బుర్రేనని పెద్దబాపు తేల్చుకున్నాడు. మనుషుల ముఖాలు చూడటం మానేశాడు.

ఇప్పుడు రోజూ గ్లాసు పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, అంతా నేనే చేశానని ఒక్కో మాటా మెల్లగా చెబుతాను. ఆయన నేలకేసే చూస్తూ ఆ చిన్న నవ్వు నవ్వి తల ఊపుతాడు. రాసి చూపిద్దామంటే చదువు రాదు.

అందుకే మీకు రాశాను. ఒక్కరికైనా పెదవులకు ఏ అడ్డమూ లేకుండా చెప్పాను.