కుంకుమ కింది అంకె

ఉద్యోగ విరమణ చేసిన పదకొండేళ్లకు మళ్లీ ఒక ఆఫీసు బల్ల ముందు కూర్చున్నాను. తిరుపతిలో అడ్డదిడ్డంగా బండ్లు నిలిపినవాళ్ల జరిమానాలు ఏళ్ల తరబడి పేరుకుపోయాయనీ, లోక్ అదాలత్ జరిగేలోపల వాటిని తేల్చాలనీ, ఓపికగా కాగితాలు చూసే పెద్దవాళ్లు నలుగురు కావాలనీ ట్రాఫిక్ ఆఫీసు నుంచి మా పెన్షనర్ల సంఘానికి కబురొచ్చింది. అడగడం పూర్తికాకముందే చెయ్యెత్తాను. చిత్తూరులో ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు చూసినవాణ్ణి. నా బల్ల మీద కాగితం మర్నాటికి నిలవదని పేరుండేది. ఆ పేరు మీద నాకెంత మమకారమో ఆ నెలలోనే తెలిసింది.

పని తేలికే. కానిస్టేబుళ్లు తీసిన బండ్ల ఫోటోల్లో నంబరు సరిగా కనిపించనివన్నీ కాగితాల మీద నలుపు తెలుపుల్లో అచ్చువేసి అట్టపెట్టెల్లో పెట్టారు. నేను భూతద్దంతో చూసి నంబరు రిజిస్టర్లో ఎక్కించాలి. దాన్నిబట్టి కంప్యూటర్ దగ్గరున్న ఉద్యోగిని సొంతదారుకు నోటీసు పంపుతుంది. ఐదుకు మించి జరిమానాలున్న బండి రోడ్డు మీద కనబడితే పట్టుకుంటారు.

మా జిల్లాలో కొత్త బండి కొంటే మొదట కాణిపాకం తీసుకుపోతారు. పూజ చేయించి, నంబరు పలకకు గంధం పూసి కుంకుమ పెడతారు. చాలామంది ఆ తర్వాత కూడా ప్రతి శుక్రవారం బండి కడిగి అక్కడే బొట్టు పెడతారు. నేనూ నా స్కూటరుకు పెట్టేవాణ్ణి. పూలమార్కెట్ ముందు తీసిన ఒక మోపెడ్ ఫోటోలో చివరి అంకె మీద అలాంటి బొట్టే ఉంది. మూడో, ఎనిమిదో తెలియడం లేదు. కాసేపు చూసి ఎనిమిది అని రాశాను. అదే చోట, అదే మోపెడ్, అదే బొట్టుతో ఇంకా ఆరు ఫోటోలున్నాయి. వాటికి భూతద్దం తీయలేదు. మా పాత ఆఫీసు అలవాటు ప్రకారం ఆరు గళ్లలోనూ ‘పైదే’ అని రాసి తర్వాతి కాగితం తీశాను.

మూడు వారాల తర్వాత, ఒక బుధవారం, పాకాల దగ్గర పల్లె నుంచి ఒకాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. పెళ్లిళ్లకు డోలు వాయిస్తాడట. తోలు బిగించే సామాను కొనడానికి తిరుపతి వస్తే ఊరి మొదట్లో మోపెడ్ ఆపి, ఏడు జరిమానాలున్నాయని స్టేషన్ ఆవరణలో పెట్టేశారట.

“ఈ పొటోల్లో బండి నాది కాదు సార్. పూలమార్కెట్ యాడుందో గూడా నాకు సరిగ్గా తెలీదు.”

నేను తలెత్తలేదు. నంబరు నీదేనా కాదా అని అడిగాను.

“నంబరు నాదే సార్. నా బండి నీలం. ఆ పొటోలో ఏ రంగుండాదో ఒకసారి సూడండి.”

నా చేతిలోని కాగితం మీద అన్ని బండ్లూ బూడిద రంగే. రంగు ఫోటో కంప్యూటర్లో ఉంటుంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు.

“రంగుదేముందప్పా, గోడకు సున్నం కొట్టినట్టు ఎప్పుడంటే అప్పుడు కొట్టుకోవచ్చు” అన్నాను.

పక్క బల్లల వాళ్లు నవ్వారు. “డోలు వాయించేవాడివి, ఈడ గూడా బాగానే వాయిస్తా ఉండావే” అన్నాడు ఒకాయన. ఆ మాటకు నేనూ నవ్వాను.

మా నవ్వు ఆగేదాకా డోలాయన నిలబడ్డాడు. ఆదివారం కాణిపాకంలో పెళ్లి ఉందనీ, బండి లేకపోతే డోలు తీసుకుపోవడం కష్టమనీ చెప్పాడు. జరిమానా కట్టేసి బండి తీసుకుపొమ్మన్నాను.

“కడితే నేనే చేసినట్టు అవుతాది కదా సార్” అని వెళ్లిపోయాడు.

గురువారం ఉదయం ఎందుకో మనసు నిలవక డైరీ తీశాను. ఏ రోజు ఏ పెట్టె చూశానో అందులో రాసుకుంటాను. ఆనాటి పేజీలో నా చేతిరాతే ఉంది: ‘పూలమార్కెట్ మోపెడ్. చివరి అంకె అనుమానం. ఎనిమిదిగా తీసుకున్నాను. మిగతా ఆరూ పైదే.’ ఆఫీసుకు పోయి రంగు ఫోటో చూపించమన్నాను. ఎర్ర మోపెడ్. మూడుతో ముగిసే నంబరు కొట్టించాను. తిరుపతిలోనే ఒక పూల వ్యాపారిది. ఎందుకు సార్ అని అడిగింది ఆ ఉద్యోగిని. ఊరికే అన్నాను.

చెప్పడానికే అధికారి గదికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా ఆయనే మొదలుపెట్టాడు. సోమవారం చిన్న సభ పెట్టారట, నాకు శాలువా కప్పుతారట. పది పెట్టెల్లో ఒక్క తప్పు రాలేదు, మావాళ్లు మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి అన్నాడు. కృతజ్ఞతలు చెప్పి బయటికొచ్చాను. మంగళవారం చెబితే ఏం మునిగిపోతుందని దారిలో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సోమవారం శాలువా కప్పించుకున్నాను. ఆ ఐదు రోజులకూ డైరీలో ఎండ ఎంత ఉందో, కూర ఏం చేశారో రాశాను. డోలాయన గురించి ఒక్క ముక్క లేదు. యాభై ఏళ్ల డైరీల్లో తెలిసీ దాచిన పేజీలు అవే.

మంగళవారం చెప్పాను. అధికారి పెద్దగా ఏమీ అనలేదు. బండి విడుదల కాగితం రాసి పోస్టులో పంపిస్తామన్నాడు. నేనే ఇస్తానని తీసుకుని బుధవారం పాకాల రైలెక్కాను. స్టేషన్‌లో దిగి ఆటోలో ఆ పల్లెకు పోయాను.

ఆయన ఇంటి ముందు అరుగు మీద డోలు ఒళ్లో పెట్టుకుని కొత్త తోలు బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. తప్పు నాదేనని చెప్పి కాగితం ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని, ఇంత దూరం మీరే వచ్చినారా అని తువ్వాలుతో అరుగు తుడిచి కూర్చోబెట్టాడు. వాళ్లావిడ కాఫీ తెచ్చింది. ఆదివారం డోలును బస్సు మీదికి ఎక్కించారట. దించేటప్పుడు చేయి జారి కుడివైపు తోలు చీలిపోయిందట. పెళ్లివాళ్లు అప్పటికప్పుడు వేరే మేళం పిలిపించుకున్నారని ఆమె చెబుతుంటే ఆయన వద్దన్నట్టు చూశాడు.

“పొరపాటు ఎవురికైనా వస్తాది సార్. మీరు గాబట్టి ఇల్లు ఎతుక్కోని వచ్చినారు” అన్నాడు నాతో.

ఆ మాట తీసుకుని వచ్చేసి ఉండవచ్చు. ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

“నాకు గురువారమే తెలిసిందప్పా” అన్నాను. శాలువా సంగతి కూడా చెప్పాను.

ఆయన చేతిలో తోలు పట్టీ ఆగింది.

“గురువారమా సార్?”

అవునన్నాను. వేళ్లు మడిచి లెక్కపెట్టాల్సినంత దూరం కాదు గురువారం నుంచి ఆదివారం. అయినా ఆయన కాసేపు ఆలోచించాడు. తర్వాత తల వంచుకుని మళ్లీ పట్టీ లాగడం మొదలుపెట్టాడు. మధ్యమధ్య వేలితో డోలు మీద తట్టి వింటున్నాడు. నాదం ఇంకా కుదరలేదని ఆ తట్టులోనే తెలుస్తోంది.

గ్లాసు నా చేతిలోనే ఉంది. తాగలేను, కింద పెట్టలేను. గడపలో నిలబడ్డ ఆమె భర్త వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

“సల్లారిపోతా ఉండాది, తాగండి సార్” అంది.