రెండు ఊళ్లు, ఒకే బొటనవేలు

ఏళ్ల తరబడి నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని మీ ముందు దించే ముందు, నా అలవాటు కొద్దీ, తెలిసినదాన్నీ విన్నదాన్నీ వేరుచేస్తాను. కవలల్లో కరుణ వికారాబాద్‌లో కన్నతల్లి దగ్గర, సుగుణ తాండూరులో పెద్దమ్మ రత్నమ్మ దగ్గర పెరిగారన్నది నిశ్చయం. రెండిళ్లకూ నేను వెళ్లాను. పసితనంలోనే విడిపోయాక వాళ్లు మళ్లీ కలుసుకోలేదన్నది బడి పంతులు చెప్పిన మాట. దాన్ని పరీక్షించాల్సింది నేనే. పరీక్షించలేదు.

మనిషిలో పుట్టుక పాలెంత, పెంపకం పాలెంత అని తేల్చడం, నేను సహాయకుడిగా ఉన్న మా ఆచార్యుల పని. అచ్చంగా ఒకే పోలికతో పుట్టి వేరువేరు ఇళ్లలో పెరిగినవారిలో ఏది కలిసినా పుట్టుకదేనని మా లెక్క. అందుకే పంతొమ్మిది వందల యాభైల చివర్లో నన్ను ఆ పిల్లల దగ్గరికి పంపారు. సోమవారం తాండూరు బడిలో సుగుణ చేత చెక్కముక్కలు పేర్పించాను. బుధవారం వికారాబాద్‌లో కరుణ చేత అవే పేర్పించాను. ఒకే ముక్క దగ్గర తడబడ్డారు. ఒకేలా నాలుక కరుచుకున్నారు. నేను పొంగిపోయాను. అప్పుడు కనిపించింది, కరుణ ఎడమ బొటనవేలికి నీలిగుడ్డ కట్టు. సుగుణ వేలికి చూసినదే. ముడి కూడా అదే.

పుట్టుక వేలికి కట్టు కూడా కడుతుందా? కట్టదని నాకు తెలుసు. రెండుసార్లూ నా ముందు కూర్చున్నది ఒకే పిల్ల. రెండూళ్ల మధ్య రైలుంది, ఆ పిల్లలకు కాళ్లున్నాయి. అయినా, ఉద్యోగం ఖాయం చేసే ఫలితం చేతికందినప్పుడు, అందరి మాటకూ ఆధారం అడిగే నేను నా మాటకు మాత్రం అడగలేదు. ఇద్దరినీ పరీక్షించానని రాసిచ్చాను.

అక్కడితో ఆగినా బాగుండేది. పిల్ల తెలివంతా పుట్టుకతో వచ్చిందేనని రత్నమ్మకు గొప్పగా చెప్పి వచ్చాను. రొట్టె కొడుతున్న ఆమె చెయ్యి ఆగింది.

“గట్లయితే నేను పెంచింది యాడికి వోయింది సారూ?”

“దానివల్ల పెద్ద తేడా రాలేదమ్మా.”

“జర ముందుగాల్నే చెప్పకపోతివి. గిన్ని రొట్టెలన్న మిగులుతుండె.”

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఊరందరికీ “గిది నా పెంపకం” అని చూపించుకునే మనిషి ఆ తర్వాత ఆ మాటే అనలేదట. ఇదీ విన్నమాటే. ఎందుకో, దీనికి మాత్రం ఆధారం అడగబుద్ధి కాలేదు.

ఆ పరీక్షలో ఏమీ తేలలేదని పోయిన నెల ఆచార్యులకు చెప్పాను. తర్వాత తాండూరు వెళ్లి రత్నమ్మకూ చెప్పాను. క్షమించానని ఆమె అనలేదు, ఇంకో రొట్టె వేసింది. పిల్లలు ప్రతి ఆదివారం కలిసేవాళ్లని తనకు తెలుసట. నేను అడగలేదు గనక చెప్పలేదట.

చెప్పేశాను. ఎవరూ ఏ తీర్పూ చెప్పకపోయినా హాయిగా ఉంది.

చెక్కముక్కలు పేర్చింది ఎవరన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. గాయం మచ్చ లేకుండా మానింది. పెళ్లిళ్లయిన అక్కచెల్లెళ్లిద్దరూ, పరీక్షకు కూర్చున్నది నేనంటే నేననీ, భయపడి దాక్కున్నది నువ్వంటే నువ్వనీ ఇంకా వాదించుకుంటున్నారు. ఎవరి వేలో రత్నమ్మకూ గుర్తులేదు. ఆ నీలిగుడ్డ తన పాత చీరదనీ, ముడి వేసింది తన చేతులేననీ మాత్రం ఖచ్చితంగా చెబుతోంది.