‘చారెడు’ నా మాట కాదు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, ఆ మాట మాత్రం పైకి రాదు, కిందికి పోదు. మా ఆయనకు చెప్పలేదు. ఆయన పోయి మూడేళ్లయింది, ఇక చెప్పలేను. చెప్పాల్సిన మనిషి ఇంకొకామె ఉంది. రెండు సందుల అవతలే ఉంది. ఆమెకూ చెప్పలేదు. మీ మొహం నాకు కనబడదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పై వాటాలో ఉండే రిటైరైన టీచరమ్మ ఈ పత్రిక కోసం రాస్తున్నారు. నా మాటలను పుస్తకం మాటలుగా సరిచేస్తున్నారు. చేయనివ్వండి. నేను చేసిన పనిని మాత్రం సరిచేయొద్దని ముందే చెప్పాను.

మా ఆయన మా కార్ఖానా బస్తీలో దుకాణాల బోర్డులు రాసేవాడు. కొత్త దుకాణం పెట్టేవాళ్లు పంచాంగం చూసే అయ్యగారిని అడిగి పేరు పెట్టుకుంటారు. దిష్టి తగులుతుందని, తెరిచే రోజు దాకా ఆ పేరు చుట్టాలకు కూడా చెప్పరు. బోర్డు రాసేవాడికి చెప్పక తప్పదు కదా. వచ్చి చెవి దగ్గరగా వంగి చెప్పేవాళ్లు. ఈయన రాసి, పాత దుప్పటి కప్పి పెట్టేవాడు. ఇంట్లో నాకు కూడా చెప్పేవాడు కాదు. చివరి అక్షరంలో ఒక్క గీత రాయకుండా వదిలేసి, తెరిచే రోజు మంచి ఘడియలో నిచ్చెనెక్కి ఆ గీత పూర్తి చేసేవాడు. వాళ్లు కొబ్బరికాయ కొట్టి, మెడలో టవల్ వేసేవాళ్లు. ఆ టవళ్లే మా ఇంట్లో అందరం వాడేవాళ్లం. బజారులో ఒక్క టవల్ కొన్న జ్ఞాపకం లేదు నాకు.

తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. పొద్దున ఇస్తే సాయంత్రానికి బోర్డు, పైగా మనిషి ఫోటోతో. చేతి రాత ఎవరికి కావాలి? పనులు తగ్గాయి. అప్పుడే సెల్‌ఫోన్ల దుకాణం వాడొకడు బోర్డు కోసం వచ్చి ఈయన చెవిలో కొత్త సంగతి వేశాడు. ఇంటర్నెట్‌లో ఒక పేరు ఒక్కరికే ఉంటుందట. ముందు ఎవరు రాయించుకుంటే వాళ్లదట. ఏడాదికింత అని కిరాయి కడుతూ పట్టుకుని కూర్చుంటే, ఆ పేరు కావలసినవాడు వెతుక్కుంటూ వచ్చి అడిగినంత ఇచ్చి కొనుక్కుపోతాడట. ఎవరో ఒక్క పేరు అమ్మి ఇల్లు కట్టుకున్నాడట. కళ్లకు కనబడని ప్లాటు అనుకో, అన్నాడు మా ఆయన నాతో. ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్ల పేర్లు రాసి బతికిన మనిషికి, పేరు అమ్ముకుంటే డబ్బులు వస్తాయంటే ఎట్లా ఉంటుంది? పిచ్చి ఎక్కింది. బొల్లారం బిర్యానీ, కాప్రా ప్లాట్లు, కార్ఖానా కార్లు, ఇట్లా ఏవేవో కొన్నాడు. రెండేళ్లు ఎదురు చూశాడు. ఒక్కడూ అడగలేదు. కిరాయి మాత్రం ఏడాదికోసారి తప్పకుండా అడిగేవాళ్లు.

కానీ ఒకటి చెప్పాలి. బోర్డు కోసం వచ్చిన పేరు మాత్రం ఆయన ముట్టలేదు. కొనాలనుకుంటే ఎన్ని కొనేవాడు! అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. “అది నమ్మి నా చెవుల ఏసిన మాట” అనేవాడు, అంతే.

ఇక రత్నం సంగతి. గోదావరి వైపు నుంచి వచ్చి మాకు రెండు సందుల అవతల ఉండేవాళ్లు. ఆమెకు నేనంటే ప్రాణం. కారప్పొడి, కందిపొడి, మునగాకు పొడి చేసి ఇంటింటికీ అమ్మేది. చిన్న షట్టర్ అద్దెకు తీసుకుని దుకాణం పెట్టాలని ఆమె ఆశ. ఒక మధ్యాహ్నం మా వరండాలో కూర్చుని ఇద్దరం మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. వాళ్లమ్మ సంగతి చెప్పింది. వాళ్లమ్మకు చెంచాలు, గ్రాములు తెలియవట. ధనియాలెంత అంటే అరచెయ్యి దోసిలిలా వంచి చూపించి ‘చారెడు’ అనేదట. చివరి రోజుల్లో మాట పడిపోయాక కూడా చెయ్యి అట్లా వంచి చూపించేదట. అందుకని దుకాణం పేరు ‘చారెడు’.

“ఇంకా మా ఆయనకు కూడా చెప్పలేదు వదినా. ముందు మీకే చెబుతున్నా. ఎవరికీ అనకండేం” అంది.

ఆ సాయంత్రమే అన్నాను. టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, నాకో పేరు తోచింది, ‘చారెడు’ అన్నాను.

ఎందుకన్నాను? తొమ్మిదేళ్లుగా ఇదే నన్ను నేను అడుగుతున్నాను. డబ్బు కోసమా? అప్పటికి మేము పస్తులేమీ లేము. ఆయన ఒక్కసారైనా గెలవాలనా? అట్లా చెప్పుకుంటే బాగుంటుంది, చాలా రోజులు అట్లాగే చెప్పుకున్నాను. నిజం వేరే. రత్నం ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మొహం వెలిగింది. తనదంటూ ఒకటి ఉన్నవాళ్ల మొహం అది. నాకేముంది? ఈర్ష్య. ఇంతకంటే మంచి మాట వెతికినా దొరకలేదు.

మా ఆయన మురిసిపోయాడు. టీ చల్లారేలోగా ఫోనులో ఆ పేరు కొనేశాడు. “చదువుకోకపోతే ఏమాయె, నీ తలకాయ మస్తు పనిజేస్తది” అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నన్ను అట్లా మెచ్చుకున్నది అదే మొదలు.

రత్నం ఫ్లెక్స్ వేయించుకుంటుందని నేననుకున్నాను. వాళ్లాయన చవకగా వస్తుందని అదే అంటుండేవాడు. పది రోజుల తర్వాత ఆమె నేరుగా మా ఇంటికే వచ్చింది. అన్నయ్యగారి చేత్తోనే రాయాలి అంది. అందరిలాగే వంగి, ఆయన చెవిలో పేరు చెప్పింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. బోర్డు పొడవు, వెడల్పు అడిగి రాసుకుని ఆమెను పంపించాడు.

ఆమె సందు మలుపు తిరిగిన తర్వాత అడిగాడు.

“ఆమె చెప్పిన పేరేందో ఎరుకేనా నీకు?”

“ఎరుకే.”

“మొన్న నువ్వు చెప్పిందే.”

“నేనే చెప్పిన ఆమెకు. నా నోట్లకెల్లి ఎత్తుకపోయింది. దోస్తానా గదా అని ఊకున్న.”

“చారెడు అని నువ్వెన్నడన్నవే? మనింట్ల పిరికెడు అంటం గదా.”

“అంటే నేను దొంగనా? ఇన్నేండ్లు సంసారం జేసి గీ మాటంటవా?”

“దొంగ అన్ననా? అడుగుతున్న.”

“అడుగుడు గిట్లనే ఉంటదా?”

కుంచె తుడుస్తూ మెల్లగా అన్నాడు. “గా పేరు ఆమెకే ఇచ్చేద్దం తియ్యి. కట్టిన కిరాయి పోతే పోయింది.”

“ఇయ్యి. ఇచ్చి, నా పెండ్లాం దొంగ అని చౌరస్తల బోర్డు సుత రాసిపెట్టు. నీ చేతిరాత మంచిగుంటది గదా.”

ఆయన నోరు నేనే మూయించాను. ఇక ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

బోర్డు రాశాడు. ఎప్పటిలాగే రాశాడు, నీలం మీద పసుపు. దుకాణం తెరిచే రోజు మాత్రం వెళ్లలేదు. జ్వరం అని చెప్పమన్నాడు. నేనొక్కదాన్నే పళ్లెంలో పసుపు కుంకుమ పెట్టుకుని వెళ్లాను. ‘డ’ పక్కన కొమ్ము రాయకుండా వదిలేసి ఉంది. ముహూర్తం దాటిపోతుందని చివరికి రత్నమే స్టూలెక్కి ఆ కొమ్ము దిద్దింది. వంకరగా వచ్చింది. “అన్నయ్యగారికి చూపించకండి వదినా, తిడతారు” అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు మీరు ఆ రోడ్డున పోతే ఆ వంకర కొమ్ము కనబడుతుంది.

అప్పుడు నేననుకున్నది, ఆమె మీద కోపంతో ఆయన రాలేదని. నా మాట నమ్మాడని. ఇప్పుడట్లా అనిపించదు. పిరికెడు, చారెడు తేడా పట్టుకున్న మనిషి మిగతాది పట్టుకోలేడా? కోపంతో కాదేమో, సిగ్గుతో రాలేదేమో. నా బదులు ఆయన సిగ్గుపడ్డాడేమో. అడిగి తెలుసుకోవడానికి ఆరేళ్లు ఉండింది నాకు. అడగలేదు.

దుకాణం తెరిచిన కొన్ని నెలలకు రత్నం ఇంటర్నెట్‌లో కూడా పొడులు అమ్మాలనుకుంది. వాళ్ల బంధువు ఒకాయన చూసి, ఈ పేరు ఎవరో ముందే కొనేశారు అన్నాడు. ఎవరన్నది అక్కడ కనబడదట. అమ్మేవాళ్ల పేరూ దాచి ఉంచుతారు, అడిగేవాళ్ల పేరూ దాచి ఉంచుతారు. మా ఆయన ఫోనుకు కబురు వచ్చింది, ఈ పేరు ఎంతకిస్తారు అని. ఆయన తెచ్చి నాకు చూపించాడు. నాకు చదవడం రాదని తెలిసీ చూపించాడు. ఎంత చెప్పమంటవు అని అడిగాడు. ఆ అడగడం నన్ను వెనక్కి తిరగమని అడగడమేనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పేది నిన్నటిదాకా టీచరమ్మకు కూడా చెప్పలేదు. అప్పట్లో రత్నం పొడులు కొట్టే మిషన్ కోసం డబ్బు కూడబెడుతుండేది. ఎంత కూడబెట్టిందో నాకు తెలుసు. సంతోషం దాచుకోలేక, ఎంతయిందో ఎప్పటికప్పుడు నాకు చెప్పుకునేది. మా ఆయనకు నేను ఆ అంకెనే చెప్పాను. రూపాయి ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆమె దగ్గర ఎంత ఉందో అంతా.

ఆమె కట్టింది. కట్టి మా ఇంటికొచ్చి ఏడ్చింది. “మా అమ్మ మాట వాడెవడికో ఎట్లా తెలిసింది వదినా? వదిలేద్దామంటే మనసొప్పలేదు. బోర్డు అయిపోయింది, సంచులు అచ్చయిపోయాయి” అంది. నా కొంగుతోనే ఆమె కళ్లు తుడిచాను. “లోకంల దొంగలు మస్తుమంది ఉన్నరు వదినా” అన్నాను. అన్నది నేనే. ఈ నోటితోనే అన్నాను.

మిషన్ కొనడం వెనకబడిపోయింది. రెండేళ్లు ఆమె మిరపకాయల సంచులు ఆటోలో వేసుకుని బొల్లారంలో గిర్నీకి పోయి పట్టించుకొచ్చేది. వచ్చాక సాయంత్రమంతా దగ్గేది. నేను వాము నీళ్లు కాచి పట్టుకెళ్లేదాన్ని. మంచిదాన్ని కదా నేను!

మా ఇంట్లో ఏమైందో కూడా వినండి. అమ్ముడుపోయింది ఆ ఒక్కటే. ఆ ఒక్కదానితో మా ఆయనకు ఇక ఈ పని ఫలిస్తుందని నమ్మకం కుదిరింది. ఫలించేదే అయితే ముందు రెండేళ్లు ఎందుకు ఫలించలేదు? కొనేవాడు ఎవడో, వాడికి ఏ పేరు కావాలో ముందే తెలిస్తేనే అమ్ముడుపోతుంది. ఆ తెలియడం దొంగతనం వల్ల వచ్చిందే. ఈ ముక్క నాకొక్కదానికే తెలుసనుకున్నాను, చెప్పలేదు. ఆయన రోజూ పొద్దున్నే అడిగేవాడు, “ఇంకో పేరు చెప్పవే, నీ నోరు మంచిది” అని. ఏమని చెప్పను? ఎదురుగా ఇత్తడి బిందె ఉంటే ఇత్తడి బిందె అన్నాను. కొన్నాడు. దండెం అన్నాను. కొన్నాడు. ఒకరోజు విసుగొచ్చి నెత్తినొప్పి అన్నాను. నవ్వి, అదీ కొన్నాడు. వచ్చిన డబ్బంతా పేర్లలోకే పోయింది. ఉన్న పనులు కూడా వదులుకున్నాడు. కిరోసిన్ డబ్బాలో కుంచెలు ముద్ద కట్టి చెక్కల్లా బిగిసిపోయాయి.

నన్ను నిజంగా నమ్మి కొన్నాడా? నమ్మాలని ఉండి కొన్నాడా? లేకపోతే, ఎన్నో పేరు దగ్గరైనా నేను ఆగి, వద్దయ్యా, ఆ మొదటిది నాది కాదు అంటానేమోనని చూశాడా? ఏదని చెప్పను? ఒక పొద్దున పళ్లు తోముకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆయన ఫోను ఇప్పుడు నా దగ్గరుంది. కొన్నేళ్ల కిరాయి ముందే కట్టిపెట్టిన పేర్లు ఉన్నాయి, వాటికి మళ్లీ కట్టమని అప్పుడప్పుడు మోగుతుంది. టీచరమ్మతో చదివించుకుంటాను. ఒక్కొక్క పేరు గడువు దాటి పోతోంది. నెత్తినొప్పి పోయిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను.

రత్నం దుకాణం నడుస్తోంది. పెద్దగా కాదు, నడుస్తోంది. మా ఆయన పోయినప్పటి నుంచి ప్రతి నెలా నాకు ఒక కారప్పొడి పొట్లం తెచ్చి ఇస్తుంది. డబ్బిస్తే చెయ్యి వెనక్కి లాగేసుకుంటుంది. “మీ ఇంటి చేతి రాతతోనే కదా వదినా నేను నిలబడ్డాను” అంటుంది. ఆ పొడితోనే అన్నం తింటున్నాను.

ఆమె ఎదుటికి పోయి చెప్పొచ్చు కదా అంటారు. పోయాను. నాలుగుసార్లు పోయాను. మెట్ల దగ్గరికి పోగానే “రండి వదినా” అని కుర్చీ వేసేది. కూర్చుని, ధరలు పెరిగాయి అని మాట్లాడి వచ్చేదాన్ని. పిరికిదాన్ని. నన్ను మన్నించండి అని మిమ్మల్ని అడగడం లేదు, మీరు మన్నిస్తే అది ఏ లెక్కలోకీ రాదు. ఆమె మన్నించాలని కూడా కోరను. అంత అడిగే మొహం లేదు.

ఇదంతా రాసి, టీచరమ్మ పెన్ను పక్కన పెట్టారు. ఊరి పేరు ఉండనిద్దాం గానీ, ఆ దుకాణం పేరు, రత్నం పేరు మార్చేద్దాం అమ్మా, లేకపోతే ఎవరో తెలిసిపోతుంది అన్నారు. రత్నం ఈ పత్రిక ప్రతి వారం కొంటుంది. పొట్లాలు కట్టేది పాత కాగితాలతోనే అయినా, ముందు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి గానీ చింపదు. నాకు తెలుసు.

మార్చొద్దన్నాను. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. ‘చారెడు’ అనే రాయమన్నాను.

రాశారు. ఎట్లా ఉంటుందో నాకు తెలియదు కనుక ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూపించమన్నాను. చూపించారు.